చూరు కింద రాయి

తలుపు రావడం లేదు. మూడుసార్లు లాగాను. నాలుగోసారి ఇనుప కడియం ఊడి చేతిలోకి వచ్చింది. ఇప్పుడు కడియం నా చేతిలో ఉంది, తలుపు దాని చోట అది ఉంది, పట్టుకుని లాగడానికి ఇంకేమీ లేదు. మామిడి చెక్క, వానకి ఉబ్బిపోయింది. ఏప్రిల్ ఎండల్లో దీన్ని బిగించినప్పుడు ఎంత చక్కగా మూసుకుందో, వెంట్రుక దూరే సందైనా లేదని వడ్రంగి ఎంత మురిసిపోయాడో, అతన్ని చూసి నేనూ మురిసిపోయాను. ఆ వేళ బయట చూరు కింద రాతి మీద కూర్చున్న సోమ్రు ఒక్కడే, ఎవరూ అడక్కపోయినా, కొంచెం సందు ఒగ్గండి, వానలకి ఉబ్బుద్ది అన్నాడు. వడ్రంగికి వినపడింది. నాకూ వినపడింది. రాతి మీద కూర్చున్నవాడి మాట కదా అని ఇద్దరం విననట్టే ఉండిపోయాం.

గది ఎంతని, ఇటు నాలుగడుగులు, అటు అయిదు. మా మందిరానికి వెనక, ప్రసంగ పీఠం పక్కనుంచి లోపలికి వచ్చే గది. ఈ తలుపొక్కటే దారి. కిటికీ ఉంది కాని దానికి నిలువునా చెక్క చువ్వలు, పిల్లి దూరుతుంది, మనిషి దూరడు. రొట్టె డబ్బా, తెల్లగుడ్డ, ఇత్తడి గిన్నె, నిన్నటినుంచి నానుతున్న ఎండు ద్రాక్షల జాడీ, ఒక ముక్కాలి పీట. పైన పెంకు ఎక్కడో జరిగింది, చుక్కలు పడుతున్నాయి, కాని రొట్టె డబ్బాకి జానెడు ఇవతల పడుతున్నాయి. దానికీ దేవుడికి వందనాలు. ఇలాంటివి ఏరుకోవడం నాకు నా భార్య సంతోషమ్మ నేర్పింది. అన్నం మాడితే, అడుగు మాత్రమే మాడింది, పైది బాగుంది కదా అనేది. నేను నవ్వేవాణ్ణి. ఆమె పోయాక అది నాకే అలవాటయింది. మనుషులు అది చూసి నన్ను మెత్తని మనిషి అంటారు. యెహోషువ మాస్టారు చీమకి కూడా అపకారం చెయ్యడు అంటారు.

అందరూ గెడ్డ దగ్గరికి వెళ్ళారు. పాస్టరు వరప్రసాదం గారు పాచిపెంటనుంచి కొండెక్కి వస్తున్నారు. రెండు రోజుల వానకి గెడ్డ పొంగింది. ఈ ఒడ్డు చెట్టుకీ ఆ ఒడ్డు చెట్టుకీ తాడు కట్టి ఆయన్ని దాటించాలి. గంట పట్టవచ్చు. ఏడాదికి రెండుసార్లు వస్తారాయన, వానల్లో ఒకసారి, క్రిస్మసుకి ముందు ఒకసారి. ఆయన వస్తేనే మా బూరుగుపుట్టులో ప్రభు భోజనం. అది రేపు. ఇవాళ సాయంత్రం దానికి ముందు జరిగే కూడిక, అందులో ఆ భోజనపు బల్లకు తగినవాళ్ళ పేర్లు చదవాలి. పాస్టరు లేనప్పుడు సంఘాన్ని కనిపెట్టుకుని ఉండేది బడి మాస్టరు కనక పేర్లు రాసేదీ చదివేదీ నేనే. పేరు చదివితే మనిషి లేచి నిలబడతాడు. పేరు రానివాడు బయట చూరు కింద రాతి మీద కూర్చుని వింటాడు. ఆరేళ్ళుగా ఆ రాతి మీద ఒక్కడే కూర్చుంటున్నాడు. కాగితం నా చొక్కా జేబులో ఉంది. దాంతోపాటు పాస్టరుగారి ఉత్తరం కూడా ఉంది. ఆరేళ్ళుగా తప్పు ఒప్పుకోని కొర్రా సమూయేలు పేరు ఈసారి సంఘపు పుస్తకంలోంచి తీసివేయవలెను, ఇక ఆగుట మంచిది కాదు అని రాశారు. తీసేస్తే ఇక రాయి కూడా లేదు. చచ్చిపోతే మన సమాధుల దొడ్డిలో చోటు కూడా లేదు. సమూయేలంటే సోమ్రే. బాప్తిస్మం రోజున ఆ పేరు నేనే పెట్టాను. బల్లకు దూరమైన రోజునుంచి మళ్ళీ సోమ్రు అనడం మొదలుపెట్టిందీ నేనే. ఎవరూ చెప్పలేదు. నోటికి అలా వచ్చేసింది.

సోమ్రూ అని పిలిచాను. కిటికీ కింద తల కదిలింది. ఇక్కణ్ణుంచి అతని తలపాగా, ఒక చెవి, చుట్ట పొగ, అంతే కనిపిస్తాయి. తాడు కట్టడంలో అతనికి మించినవాడు ఈ చుట్టుపక్కల లేడు, అయినా గెడ్డ దగ్గరికి అతన్ని రానివ్వలేదు. పాస్టరుగారి పెట్టెలో ప్రభు భోజనపు గిన్నెలుంటాయి, వాటిమీద బయటివాడి చెయ్యి పడకూడదని సవరమ్మ అంది. సవరమ్మ ఊరూరా తిరిగి ఆడవాళ్ళకి వాక్యం చెప్పే మనిషి, ఆమె మాటంటే అందరికీ గురి. అందుకని ఇక్కడ మిగిలింది మేమిద్దరం. తలుపు పట్టేసింది, లోపలికి వచ్చి భుజంతో ఒక్క తోపు తొయ్యి అన్నాను. పొగ ఆగింది.

"నాను నోపలికి రాకూడదు కదా మాస్టారూ," అన్నాడు. "నువ్వే సదివినావు."

వెటకారం లేదు అందులో. ఉంటే బాగుండేది. ఒప్పుకునే వరకు మందిరపు గడప దాటరాదు, బయట కూర్చుని వాక్యము వినవచ్చును. నా దస్తూరీలోనే ఉంది ఆ కాగితం, నా గొంతుతోనే చదివాను. పరవాలేదు, ఇప్పుడు ఎవరూ లేరు కదా అన్నాను. ఎవరూ లేరు కదా అన్నప్పుడు నా గొంతు నాకే విచిత్రంగా వినిపించింది. ఈ మాట ఇంతకు ముందొకసారి ఇతనితోనే అన్నాను. సోమ్రు తన దగ్గర గొడ్డలుందని చెప్పాడు, నరకమంటే బయటినుంచి కిటికీ చువ్వలు నరికేస్తానన్నాడు. సరే అనబోయాను.

"రేపు ఆలొచ్చి, సోమ్రుగాడు గుడిమీద గొడ్డలేసినాడంటారు. అప్పుడు నువ్వేటి సెప్తావు? సోమ్రు గొడ్డలట్టుకుని ఎల్లడం సూసినానంటావా?"

పీట మీద కూర్చున్నాను. ఆరేళ్ళలో ఆ సంగతి అతని నోట రావడం ఇదే మొదలు.

చుక్క పడుతోంది. జానెడు ఇవతల. ద్రాక్షల వాసన. ఇవి సంతోషమ్మ నానబెట్టేది. పాస్టరుగారు వచ్చే ముందు రోజున, శుక్రవారం సంతలోంచి తెప్పించిన ఎండు ద్రాక్షల్ని మూడు నీళ్ళు కడిగి, గోరువెచ్చని నీళ్ళలో వేసి, మర్నాడు తన తెల్ల ముసుగు గుడ్డలో మూటగట్టి పిండేది, చేతులు మణికట్ల దాకా ఎర్రబడేవి. ఒకసారి ఆ చేతులు చూపించి, చూడండి, నేనే ఎవరినో చంపినట్టున్నాను అని నవ్వింది. కాలేజీలో చదివినవాణ్ణి కదా, ఇంట్లో అలాంటి మాటలు ఆడరాదని మందలించాను. మందలించి ఉండకపోతే బాగుండేది. మైదానంలో పెరిగిన మనిషి, ఈ కొండ మీదికి వచ్చిన ఏడాదికే వీళ్ళ మాట వీళ్ళకన్నా బాగా మాట్లాడేది. సోమ్రు పెళ్ళాం సుక్రి రెండు రోజులు నొప్పులు పడి బిడ్డ అడ్డం తిరిగినప్పుడు తెల్లవార్లూ పక్కన కూర్చున్నది ఈమే. ఆ బిడ్డే మంగ్లి. సోమ్రు యేసు ప్రభువును నమ్ముకున్నది నా ప్రసంగాలు విని కాదు, ఆ రాత్రి చూసి. నాకు తెలుసు ఆ సంగతి. తెలిసినా, అతని బాప్తిస్మం గురించి మైదానానికి ఉత్తరం రాసినప్పుడు నా బోధ ఫలించినది అనే రాశాను.

నలభై ఎనిమిదిలో జ్వరం. ఇలాంటి వానే, ఇలాంటి గెడ్డే. ఊరంతా వణికింది, చలి వచ్చి, దుప్పట్లు కప్పి, చెమటపట్టి, మళ్ళీ చలి. మందు బిళ్ళలు నా దగ్గర పదహారు ఉంటే ఆమె ఊళ్ళో పంచేసింది. తన వంతు వచ్చేసరికి సీసా ఖాళీ. దిగువకి దారి లేదు. నాలుగో రోజుకి నన్ను గుర్తుపట్టలేదు, అన్నయ్యా అని పిలిచింది, వాళ్ళన్నయ్య పోయి అప్పటికి పదేళ్ళు. నేను మోకాళ్ళమీద పడి అడిగాను. గంటలు అడిగాను. దేవుడు పలకలేదు. పలకలేదా, నేను ఆగి వినలేదా. సాయంత్రం సోమ్రు నీళ్ళు తెచ్చి పెట్టాడు, అతన్ని దొడ్డివైపు తీసుకెళ్ళి, గెడ్డ ఒడ్డున మంత్రాల ముసలాయన, ఆ గురుమాయి, ఉన్నాడట కదా, కోడినిస్తే జ్వరం దింపుతాడట కదా అన్నాను. అలా అంటున్నది నేనేనా అని అప్పుడూ అనుకున్నాను. సోమ్రు తల అడ్డంగా ఊపాడు. వొద్దు మాస్టారూ, మనం అది ఒగ్గేసినాం కదా అన్నాడు. నాను ఒగ్గేసినాను, నువ్వూ ఒగ్గేసినావనుకున్నాను అన్నాడు. నేను అతని రెండు చేతులూ పట్టుకున్నాను. ఎవరూ లేరు కదా, ఎవరికీ తెలియదు అన్నాను. చేతులు విడిపించుకోలేదు అతను. నా కోసం కాదు, లోపల పడుకున్న ఆమె కోసం. కొండ అవతల ఊరికి వెళ్ళి నల్లకోడి తెచ్చాడు.

గెడ్డ ఒడ్డున బండ దగ్గర గురుమాయి గింజలు చల్లాడు. కోడి ఆ గింజలు తింటే కొండదేవత ఒప్పుకున్నట్టు, తినకపోతే లేనట్టు. కోడి తినలేదు. మెడ అటూ ఇటూ తిప్పి చూస్తోంది, వానకి తడిసిపోయి చిన్నదైపోయింది, నా కాళ్ళకేసి చూసింది. ముసలాయన ఏదో పాడుతున్నాడు. సోమ్రు అటు తిరిగి నిలబడ్డాడు, కోడి వైపు చూడలేదు. నేను బురదలో గొంతుక్కూర్చుని, కళ్ళు మూసుకుని, చేతులు జోడించి, యేసు ప్రభువా, ఈ కోడి గింజలు తినేలా చెయ్యి అని ప్రార్థించాను. అవును. అలాగే ప్రార్థించాను. ఆ మాట ఆరేళ్ళుగా నా కడుపులో ఉంది, ఎవరికైనా చెబితే నవ్వుతారు, నవ్వవలసిందే, కాని నా జీవితంలో అంత నిజంగా చేసిన ప్రార్థన ఇంకోటి లేదేమో. కళ్ళు తెరిచేసరికి కోడి తింటోంది.

అది గురువారం. శనివారం పొద్దున్న ఆమె పోయింది.

అందుకే పోయిందనుకున్నాను. ఆ కోడి వల్లే దేవుడు ఆమెను తీసుకున్నాడనుకున్నాను, నన్ను కొట్టడానికి ఆమెను తీసుకున్నాడని. ఇలా అనుకునేవాడికి దేవుడి ముందు నిలబడే ధైర్యం ఎక్కణ్ణుంచి వస్తుంది. ప్రసంగంలో మాత్రం ఆయన ప్రేమ గురించి చెప్పేవాణ్ణి. పిల్లలకి ప్రశ్నలు జవాబులు నేర్పేవాణ్ణి. మారుమనస్సు అంటే ఏమి? పాపము విడిచి దేవుని తట్టు తిరుగుట. ఇరవైమంది పిల్లలు ఒకే గొంతుతో అంటుంటే బడి కప్పు ఎగిరిపోయేది. ఎటు తిరగాలో చెప్పేవాణ్ణి, నేను మాత్రం ఉన్నచోటే నిలబడి గుండ్రంగా తిరుగుతుండేవాణ్ణి.

సమాధి చేసిన పదో రోజున వరప్రసాదం గారు వచ్చారు. ముందు నన్ను కావలించుకుని ఏడ్చారు. ఆ తర్వాత కూడిక. సవరమ్మ లేచి కొంగులోంచి నల్ల ఈకలు తీసి నేలమీద పెట్టింది, గెడ్డ దగ్గర బండ పక్కన దొరికాయి, ఆకుదొన్నెలో నెత్తురుంది, మన ఊరి వైపు బండ అది అంది. నడుమున చెయ్యి పెట్టుకుని అందరికేసీ చూసింది. ఈ కోడి ఎవలిది అని అడిగింది. ఎవరో సోమ్రు కేసి చూశారు, తర్వాత అందరూ చూశారు, అందరికన్నా వెనక సంఘంలోకి వచ్చినవాడు కదా. సోమ్రు నా కేసి చూశాడు. పాస్టరుగారు చాలా మెల్లగా, ఇల్లు కాలినవాణ్ణి అడిగినట్టు, మాస్టారూ, మీకేమైనా తెలుసా అన్నారు. తెలియదు అని మొదలుపెట్టాను. ఆ మాట నోట్లో ఆరిపోయింది. అప్పుడు, గురువారం సాయంత్రం సోమ్రు కోడి పట్టుకుని గెడ్డ వైపు వెళ్ళడం చూశాను అన్నాను. అది నిజం. ప్రతి ముక్కా నిజం. అబద్ధం ఆడలేదు నేను అని ఎన్నిసార్లు అనుకున్నానో. అతని వెనక నడుస్తూ చూశాను అన్న ఒక్క ముక్కే మిగిల్చాను.

అతను చెబుతాడనుకున్నాను. చెబితే ఒప్పుకుందామనుకున్నాను, నిజంగానే అనుకున్నాను. అతను నోరు విప్పలేదు. అడిగిందానికి అవునననూ లేదు, కాదననూ లేదు. బయటికి వెళ్ళి రాతి మీద కూర్చున్నాడు. నేను కాగితం రాశాను. అప్పటినుంచి పదకొండుసార్లు పేర్లు చదివాను, పదకొండుసార్లు కొర్రా వాళ్ళ దగ్గర ఒక పేరు దాటాను. మంగ్లి పెళ్ళి గుడిలో జరగలేదు, వాకిట్లో పందిరి వేసి వాళ్ళ పాత పద్ధతిలో చేసుకున్నారు, మన సంఘంలోవాళ్ళు ఒక్కరూ వెళ్ళలేదు. నేను ఒక బెల్లం దిమ్మ పంపాను. సాయంత్రానికి తిరిగి వచ్చింది, ఆకు కూడా విప్పలేదు. సుక్రి అప్పటినుంచి ఇటు రావడమే మానేసింది, ఆ కొండదేవత దగ్గరికే వెళుతోందట. అది కూడా నా జేబులోని కాగితంలోనే ఉంది. నలభై ఒక్క పేర్లున్న కాగితంలో, లేని పేర్లు ఎన్ని ఉన్నాయో ఇప్పుడు కనిపిస్తున్నాయి.

బయట వాన కాస్త తగ్గి మళ్ళీ పట్టింది. సోమ్రు దగ్గాడు. చూరు నీళ్ళు రాతి మీద సగం వరకు పడతాయి, ఆ సగం వదిలి కూర్చోవాలి. అతను అలాగే కూర్చుంటాడు, ఒంటి పక్కకి. ఆరేళ్ళుగా ఒంటి పక్కకి. నేను పీఠం మీద నిలబడి, మన తప్పు తన మీద వేసుకుని నోరు విప్పనివాడి గురించి చెప్పేవాణ్ణి, చెబుతూ వేలు పైకి చూపించేవాణ్ణి. ఒక్కసారీ కిటికీ వైపు చూపించలేదు. ఈ గోడకి అవతల అంతా ఉంది. నేను నా ఎదురుగా ఉన్నవాళ్ళకి ఇంకెక్కడో వెతికి చూపిస్తున్నాను. ఈ గదిలో ఇప్పుడే చిక్కుకున్నానా నేను? ఆరేళ్ళ కిందట లోపలికి వచ్చి తలుపు వేసుకున్నాను. గాలి ఆడుతోంది కనక, చుక్క జానెడు ఇవతల పడుతోంది కనక, గది అనుకోలేదు. చిన్న చిన్న మేళ్ళు లెక్కపెట్టుకుంటూ కూర్చున్నాను. తలుపు తియ్యగలవాడు ఒక్కడే, అతన్ని రావద్దని రాసిందీ నేనే.

లేచి కిటికీ దగ్గర నిలబడ్డాను. చువ్వలు పట్టుకున్నాను. తలపాగా మీద ఒక నత్త పాకుతోంది, అతనికి తెలియదు. సమూయేలూ అన్నాను. పలకలేదు. తనని కాదనుకున్నాడేమో. సమూయేలూ, ఆ రోజు నేను సగమే చెప్పాను, ఆ సగంతో నిన్ను బయటికి తోశాను, అది నాకు తెలిసే చేశాను అన్నాను. గొంతు బాగానే పలికింది, ఆశ్చర్యం. ఏడుపు రాలేదు. రాత్రుళ్ళు ఒంటరిగా దేవుడికి చెప్పినప్పుడు ఎంత ఏడ్చేవాణ్ణో. పొద్దున్నకి తేలికగా ఉండేది. ఇప్పుడు తేలికగా లేదు.

చుట్ట నోట్లోంచి తీశాడు. నాకు తెలీదేటి అన్నాడు, నానున్నాను కదా అక్కడ. నాకు సెప్పి ఏటి నాభం, నాకు తెలిసిందే సెప్తన్నావు. రెండేళ్ళు నీ మొగం సూడబుద్ధి కానేదు అన్నాడు. నీ బడి గంట ఇనపడితే సెవులు మూసుకునీవోణ్ణి. పెళ్ళికి బెల్లం పంపినావే, ఆ దిమ్మట్టుకుని నీ తలమీద ఎయ్యాలనుకున్నాను, సుక్రి ఆపింది. నిజంగా అన్నట్టే అన్నాడు. మరి ఎందుకు చెప్పలేదు, ఆ రోజే ఎందుకు చెప్పలేదు అని అడిగాను. అడగవలసింది కాదు. నా తప్పుకి కారణం అతని దగ్గర వెతుకుతున్నట్టు ఉంది.

తలపాగా విప్పి దులిపాడు, నత్త పడిపోయింది. అతని నెత్తి మీద వెంట్రుకలన్నీ తెల్లబడ్డాయి. ఎప్పుడు తెల్లబడ్డాయో.

"అమ్మగోరు ఒగ్గేయొద్దన్నాది," అన్నాడు.

శుక్రవారం పొద్దున్న అతను నీళ్ళు తెచ్చేసరికి సంతోషమ్మకి తెలివి వచ్చిందట. నేను ఆ వేళ గెడ్డ తగ్గితే దిగువకి మనిషిని పంపుదామని ఊళ్ళోకి వెళ్ళాను. మాస్టారు రాత్రి బురదకాళ్ళతో వచ్చారు, ఎక్కడికెళ్ళారు అని అడిగిందట. సోమ్రుకి అబద్ధం రాదు. చెప్పేశాడు. కోడి సంగతీ, గింజల సంగతీ, నేను చేతులు జోడించిన సంగతీ. ఆమె నవ్విందట. దగ్గొచ్చే దాకా నవ్విందట. పిచ్చి మనిషి, ఆ కోడి పులుసు పెట్టినా రెండు మెతుకులు తిందును కదా అందట. తర్వాత ఏడ్చిందట. ఏమని ప్రార్థన చేసిందో సోమ్రుకి సరిగ్గా గుర్తులేదు, ఆయన్ని క్షమించావు కదా ప్రభువా, ఆయనకి తెలిసేలా చెయ్యి, అలాంటిదేదో అన్నాడు. ఆ తర్వాత ఇతని కేసి తిరిగి, ఆయన భయస్తుడు, కానీ చెడ్డవాడు కాదు, తనే చెబుతాడు, అప్పటిదాకా ఆయన్ని వదిలెయ్యకు అందట.

ఒక్క పూట అనుకున్నాను మాస్టారూ అన్నాడు సోమ్రు. ఇన్నేళ్ళు పడతాదని ఆయమ్మకీ తెలీదు, నాకూ తెలీదు.

నేను నేలమీద కూర్చుండిపోయాను. ఈసారి పీట కూడా దొరకలేదు. ఆమెకి తెలుసు. నా చెయ్యి పట్టుకుని పోయినప్పుడు ఆమెకి అంతా తెలుసు. చివర్లో నా కేసి చూసిన ఆ చూపు, జ్వరం చూపనుకున్నాను, ఎవరో అనుకుని చూస్తోందనుకున్నాను, నన్నే చూసింది. అప్పటికే క్షమించి చూసింది. దేవుడు కొట్టాడనుకున్నాను, ఆమె పోయే ముందు రోజు నవ్వింది. చెబితే అప్పుడు క్షమిస్తాడు అనుకున్నాను ఇన్నాళ్ళూ, చెప్పడానికి ధైర్యం చాలక, ఆ చెప్పడం అనే కొండ ఎక్కలేక కింద కూర్చుని ఏడ్చాను. క్షమాపణ కొండమీద లేదు. అది దిగి వచ్చి ఎప్పటినుంచో చూరు నీళ్ళకి సగం తడుస్తూ బయట కూర్చుంది. పిల్లలకి నేర్పిన జవాబులో ఇది లేదు. ప్రభువా అన్నాను. ఆ తర్వాత ఏమీ అనలేకపోయాను. కోడి కోసం చేసిన ప్రార్థన తర్వాత అంత నిజంగా చేసింది ఇదే, ఒక్క మాట. నాకోసం ఆయన చనిపోయాడని వందలసార్లు చెప్పాను. నాకోసం, అంటే ఈ నాకోసం, గెడ్డ ఒడ్డున గొంతుక్కూర్చున్న నాకోసం, అతని వెనక నడుస్తూ అన్న ముక్క మింగేసిన నాకోసం. నాలో ఉన్న ఇంకో మంచివాడి కోసం కాదు. అలాంటివాడు ఎక్కడా లేడు.

అయినా గది చిన్నదే. తలుపు అలాగే ఉంది. చెప్పేస్తే బడి పోతుంది, ఈ ఊరు పోతుంది, ఆమె సమాధి దగ్గరికి రావడానికి కూడా ఎవరినో అడగాలి. యాభై రెండేళ్ళు నాకు. అవన్నీ పోవు అని ఏ గొంతూ చెప్పలేదు. లోపలికి రా, ఆ కాగితం అబద్ధం, నేను రాసిన అబద్ధం, వచ్చి తలుపు తొయ్యి అని సమూయేలుతో అన్నాను.

"నాకు సెప్పీసి బయటికొచ్చీద్దామనా," అన్నాడు. అని కిసుక్కున నవ్వాడు, ఆరేళ్ళలో మొదటిసారి విన్నాను ఆ నవ్వు. "ఆలొచ్చినాక సెప్పు. నాను ఇక్కడే ఉంటాను. ఎక్కడికెల్తాను."

నువ్వు నాకోసం ఇంత మోశావు, ప్రభువు కూడా ఇలాగే అని ఏదో అనబోయాను. నాను దేవుణ్ణేటి మాస్టారూ, నడుం పీకుతోంది, ఈ రాయి సల్లగుంటాది అన్నాడు.

గెడ్డ వైపునుంచి కేకలు వినిపిస్తున్నాయి. పాట. దాటించేశారు. పాట దగ్గరవుతోంది, తడిసిన గొంతులు. నేను తెల్లగుడ్డలో ద్రాక్షలు మూటగట్టి పిండాను. రసం గిన్నెలోకి దిగింది. మణికట్ల దాకా ఎర్రగా అయ్యాయి చేతులు. చూశాను. కడుక్కోవడానికి గదిలో నీళ్ళు లేవు.

వచ్చేశారు. మందిరంలో అడుగుల చప్పుడు, గొడుగులు దులుపుతున్నారు. మాస్టారెక్కడ అని వరప్రసాదం గారి గొంతు. నోపలున్నాడు, తలుపట్టీసింది అని బయటినుంచి సమూయేలు చెప్పాడు. ఇక్కడే కూకుని సోద్దెం సూత్తన్నావా, ఒక్క తోపు తొయ్యలేకపోనావేటి అని సవరమ్మ. నన్ను నోపలికి రమ్మన్నారేటి మీరు అని అతను. ఎవరో నవ్వాపుకున్నారు. తలుపు అవతల పాస్టరుగారు చెక్క మీద వేళ్ళతో తట్టి, కంగారుపడకండి మాస్టారూ, తోస్తున్నాం, పక్కకి జరగండి అన్నారు.

పక్కకి జరిగాను. ఇప్పుడు చెప్పవచ్చు అనిపించింది. ఇప్పుడే, తలుపు మూసి ఉండగానే. వాళ్ళకి గొంతు వినిపిస్తుంది, మొహం కనిపించదు, నాకూ వాళ్ళ మొహాలు కనిపించవు. ఇది కూడా ఆయన పంపిన ఒక చిన్న మేలే అనిపించింది, ఎప్పటిలాగే, జానెడు ఇవతల పడ్డ చుక్కలాగే. నోరు తెరిచాను. మళ్ళీ మూశాను. ఇది ఒక్కటి వద్దు ప్రభువా అన్నాను. నీ మేళ్ళు అన్నీ తీసుకున్నాను, ఇది తీసుకోను.

మూడు భుజాలు కలిసి తోశాయి. ఒకటి. రెండు. మూడోదానికి చెక్క గీరుకుంటూ అరిచింది, తలుపు వచ్చింది. ఎదురుగా వెలుతురు, తడిసిన మొహాలు, అందరి మొహాల్లో నన్ను చూసిన సంతోషం. పాస్టరుగారి పంచె మోకాళ్ళ దాకా బురద. నా ఎర్రని చేతులు చూసి, అప్పుడే పని కానిచ్చేశారే అని నవ్వారు. పేర్లు సిద్ధమేనా మాస్టారూ అన్నారు. గిన్నె ఆయన చేతిలో పెట్టాను. కాగితమూ పెట్టాను. పీఠం పక్కనుంచి, చాపల మధ్యనుంచి నడిచాను, జనం దారి ఇచ్చారు, ఒంట్లో బాగాలేదేమో అనుకున్నారు. గడప దాటాను. వాన. చూరు నీళ్ళు. రాయి నేను అనుకున్నదానికన్నా చిన్నది, చాలా చల్లగా ఉంది. తడిసే వైపు ఖాళీగా ఉంది, అక్కడ కూర్చున్నాను.

సమూయేలు నా కేసి చూడలేదు. జలుబు సేత్తాది మాస్టారూ అని గొణిగి, గోడ వైపుకి కొంచెం జరిగాడు.

జనం ఒక్కొక్కరే గుమ్మం దగ్గరికి వచ్చారు. పాస్టరుగారు గిన్నె పట్టుకుని గడప లోపల నిలబడ్డారు, ఇదేమిటి మాస్టారూ, లేవండి, లోపలికి రండి అన్నారు. ఆయన పక్కన సవరమ్మ, నడుమున చెయ్యి పెట్టుకుని, అప్పటిలాగే.

"సవరమ్మా," అన్నాను, "ఆ కోడి నాది."